కూడలిలో ‘ఆగుము’ పలక: అమెరికా నియమగ్రంథముపై ఒక విమర్శ

రెండు చిన్న వీధులు ఒకదాని నొకటి దాటుచోట ఎవరు ముందు పోవలెను, ఎవరు ఆగవలెను? ఈ ప్రశ్న వినుటకు చాల స్వల్పముగా నుండును. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో నివాసపు వీధుల ప్రజలకును పురపాలక ఇంజనీర్లకును మధ్య తరచుగా నడచు వాదములలో ఇది యొకటి. వీధిలోని వారు పదిమంది చేరి అర్జీ వ్రాయుదురు. “మా పిల్లలు ఇక్కడ ఆడుకొనుచున్నారు, కార్లు వేగముగా పోవుచున్నవి, నాలుగు వైపుల ‘ఆగుము’ పలకలు నాటింపుడు” అని కోరుదురు. ఇంజనీరు కూడలిలో వాహనములను లెక్కించి, ప్రమాదముల పట్టికను తిరుగవేసి, “నియమగ్రంథము చెప్పిన సంఖ్యలు ఇక్కడ లేవు, కావున వీలుపడదు” అని బదులు చెప్పును. “అయిన, ఒక బిడ్డ చనిపోవువరకు ఆగవలెనా?” అని తల్లిదండ్రులు అడుగుదురు.

ఇందులో ఎవరిది న్యాయము? ఇంజనీరు చేతిలోని గ్రంథమును విప్పి చూచినగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. ఆ గ్రంథము పేరు ‘మాన్యువల్ ఆన్ యూనిఫామ్ ట్రాఫిక్ కంట్రోల్ డివైసెస్’. దేశమంతట రహదారి గుర్తులు ఏకరూపముగా నుండవలెనను ఉద్దేశముతో 1935లో మొదటి కూర్పు వెలువడినది. పదునొకండవ కూర్పు 2023 డిసెంబరులో ప్రకటింపబడి 2024 జనవరి 18 నుండి అమలునకు వచ్చినది. వేయి పుటలకు మించిన ఈ గ్రంథములో నివాసపు వీధుల కూడలికి సంబంధించిన భాగము కొద్ది పుటలు మాత్రమే. అయినను సామాన్యుని నిత్యజీవితమును ఎక్కువగా తాకునది ఆ భాగమే.

ముందుగా ఆ పలకల పుట్టుపూర్వోత్తరములను గూర్చి రెండు మాటలు. ‘స్టాప్’ పలక 1915లో డిట్రాయిట్ నగరమున మొదట కనిపించినది. అప్పుడది తెల్లని చదరపు రేకుపై నల్లని అక్షరములు. ఎనిమిది కోణముల ఆకారము 1920 తరువాత వచ్చినది. చాలకాలము అది పసుపుపచ్చగా నుండి, ఎండకు వెలవెలబోని ఎఱ్ఱరంగు సులభముగా లభించిన పిమ్మట, 1954లో నేటి ఎఱ్ఱని రూపమును పొందినది. ‘యీల్డ్’, అనగా ‘దారి ఇమ్ము’ అను పలక మరింత చిన్నది. ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగరములో క్లింటన్ రిగ్స్ అను పోలీసు అధికారి దీనిని రూపొందించి 1950లో నాటించెను. మొదటిది పూర్తిగా నిలుపుమని చెప్పును. రెండవది వేగము తగ్గించి, ఎదుటివానికి దారి ఇచ్చి, అవసరమైననే నిలుపుమని చెప్పును.

నివాసపు వీధులలో ఇంజనీరు ముందు నాలుగు మెట్లు గల నిచ్చెన యుండును. మొదటి మెట్టున ఏ పలకయు లేదు, వాహనచోదకులు సామాన్య నియమము ననుసరింతురు. రెండవ మెట్టున ఒక వీధికి ‘దారి ఇమ్ము’. మూడవ మెట్టున ఒక వీధికి ‘ఆగుము’. నాలుగవ మెట్టున అన్ని వైపుల ‘ఆగుము’. ఈ చివరి పద్ధతిలో ముందు వచ్చినవాడు ముందు పోవును. ఇద్దరు ఒకేసారి వచ్చినచో ఎడమనున్నవాడు కుడివైపువానికి దారి ఇచ్చును. క్రింది మెట్టు చాలినచోట పై మెట్టు ఎక్కరాదన్నది ఈ గ్రంథపు మూలసూత్రము. వైద్యుడు చిన్న మందు చాలినచోట పెద్ద మందు ఇయ్యకుండుట వంటిదే ఇది.

నాలుగవ మెట్టునకు గ్రంథము పెట్టిన కొలతలు ప్రసిద్ధములు. 2009 కూర్పు ప్రకారము పన్నెండు నెలలలో ఐదు లేక అంతకు మించిన ప్రమాదములు, అదియును ఈ పలకలచే నివారింపదగిన జాతివి, నమోదై యుండవలెను. లేదా దినములో ఎనిమిది గంటలపాటు ముఖ్యవీధి నుండి గంటకు సగటున 300 వాహనములును, అడ్డవీధి నుండి వాహనములు, సైకిళ్లు, పాదచారులు కలిసి గంటకు 200 చొప్పునను రావలెను. పైగా రద్దీ ఎక్కువైన గంటలో అడ్డవీధి వాహనము ఒక్కొక్కటి సగటున 30 సెకండ్లు వేచియుండవలసి రావలెను. ముఖ్యవీధిలో వేగము మిక్కిలి ఎక్కువగా నున్నచో ఈ సంఖ్యలను కొంత సడలింతురు.

ఈ గ్రంథములో మెచ్చదగినది ముందు చెప్పుట న్యాయము. ‘ఆగుము’, ‘దారి ఇమ్ము’ పలకలను వేగనియంత్రణకై వాడరాదని ఇది స్పష్టముగా చెప్పుచున్నది. అర్జీలు వ్రాయువారికి నచ్చని మాట ఇదే. కాని యోచించి చూచినచో ఇందు సత్యము కలదు. పలక యొద్ద వేగము తగ్గునన్నది నిజమే. అయితే ఆ తగ్గుదల పలకకు ఇరుప్రక్కల కొద్దిపాటి దూరమునకే పరిమితము. రెండు కూడళ్ల నడుమ, అనగా పిల్లలు ఆడుకొను ఇండ్ల ముందు, పోగొట్టుకొన్న కాలమును తిరిగి సంపాదింపవలెనను తొందరతో చోదకుడు మరల వేగము పెంచును. పిల్లవాని రక్షణకై నాటిన పలక, పిల్లవాడున్నచోట పని చేయక, లేనిచోట పని చేయును.

ఇంకొక కీడును కలదు. అడ్డవీధి నుండి దినమునకు నాలుగు కార్లు మాత్రమే వచ్చు కూడలిలో పలక పెట్టినచో, ఆ దారిని రోజూ పోవు మనుష్యుడు నూరుసార్లు ఆగి నూరుసార్లును ఎవరిని చూడడు. నూటయొకటవసారి అతడు ఆగడు, చక్రము మెల్లగా దొర్లించుచు సాగిపోవును. ఆ అలవాటు నిజముగా ఆగవలసిన మరియొక కూడలికి కూడ అతని వెంట పోవును. ‘నాన్నా పులి’ కథలోని బాలుని కేకవలె, అవసరము లేనిచోట అరచిన పలక అవసరమైన పలక మాటకు విలువ లేకుండ చేయును. ఈ కారణముచే గ్రంథము చూపిన పొదుపు సమర్థనీయమే.

ఇక దోషములకు వత్తము. మొదటిది ప్రమాదముల లెక్క. ఏటికి ఐదు ప్రమాదములను కొలత చూచుటకు శాస్త్రీయముగా కనిపించును. సంభావ్యతా శాస్త్రము ననుసరించి దీనిని పరీక్షింతము. నివాసపు కూడలిలో ప్రమాదము అరుదైన సంఘటన. అరుదైన సంఘటనల లెక్కకు పాయిజాన్ అను ఫ్రెంచి గణితవేత్త పేరిట ప్రసిద్ధమైన సూత్రము చక్కగా పనికివచ్చును. సగటున ఏటికి రెండు ప్రమాదములు జరుగు కూడలి యొకటి కలదనుకొందము. చిన్న వీధికి ఇది తక్కువ అపాయము కాదు. ఆ కూడలిలో ఒకానొక సంవత్సరమున ఐదు లేక అంతకు మించి జరుగు సంభావ్యత నూటికి సుమారు ఐదు మాత్రమే. అనగా అటువంటి కూడళ్లు నూరున్నచో ఒక ఏట తొంబదియైదు కూడళ్లు ఈ కొలతకు చిక్కవు. అవి అపాయకరములు కావని కాదు, ఆ కొలత వానిని చూడలేదని.

దీనికి మారుముఖము కూడ చూడవలెను. సగటున ఏటికి ఒక్క ప్రమాదమే జరుగు కూడళ్లు వేయి యున్నవనుకొందము. ఏ కారణమును లేకయే, కేవలము యాదృచ్ఛికముగా, వానిలో సుమారు నాలుగింట ఒక ఏడు ఐదు లేక అంతకు మించిన ప్రమాదములు జరుగును. వెంటనే పురపాలక సంఘము అక్కడ పలకలు నాటును. మరుసటి ఏడు ప్రమాదములు సగటున ఒకటికి దిగును. “చూచితిరా, ఐదు ఒకటి అయినది, నూటికి ఎనుబది తగ్గినది!” అని పత్రికలలో ప్రకటన వెలువడును. కాని పలక నాటకున్నను అది ఒకటికే దిగియుండెడిది. అసాధారణముగా పెరిగిన సంఖ్య తనంతట తానే సగటువైపు మరలుట గణితధర్మము. ఈ ధర్మమును గుర్తింపని ముందు-వెనుకల పోలికలను నమ్మరాదు.

2023 కూర్పు ఈ లోపమును కొంతవరకు సవరించినది. నాలుగు వైపుల కూడలిలో పన్నెండు నెలలకు ఐదు అను కొలతతోపాటు ముప్పదియారు నెలలకు ఆరు అను కొలతను కూడ అంగీకరించినది. ఇందలి మేలు లెక్కవలన తెలియును. ఏటికి రెండు చొప్పున జరుగు కూడలి మూడేండ్ల కొలతకు చిక్కు సంభావ్యత నూటికి ఐదు నుండి యేబదియైదునకు పెరుగును. అయితే ఏటికి ఒకటి చొప్పున జరుగు కూడళ్లలో గూడ నూటికి ఎనిమిది ఈ వలలో పడును. వల కన్ను చిన్నదైనప్పుడు చిన్న చేపలును పడుట సహజము. మొత్తముమీద ఇది మంచి మార్పే. కాని ఇందు ఒక విషాదము మిగిలియే యున్నది: ఒక్క ఏడు చూచినదానికన్న మూడేండ్లు చూచుట శాస్త్రమునకు మేలు, వీధిలోని వారికి మాత్రము మూడేండ్లు వేచియుండుట. “బిడ్డ చనిపోవువరకు ఆగవలెనా?” అన్న ప్రశ్నకు ప్రమాదముల కొలత ఏనాడును తృప్తికరమైన సమాధానము చెప్పలేదు. జరిగినదానిని లెక్కించు కొలత జరుగబోవుదానిని చూపజాలదు.

రెండవ దోషము జనసంఖ్యను గూర్చినది. భయమువలన దాటనివారిని లెక్కింపలేము. కార్ల వేగమునకు జడిసి ముసలివారు ఆ కూడలికి రాకుండినచో, తల్లులు పిల్లలను బడికి నడిపింపక కారులో దింపినచో, ఇంజనీరు చేతి పట్టికలో పాదచారులు తక్కువగా కనిపింతురు. నదికి వంతెన అవసరమా కాదా అని తేల్చుటకు ఈదిపోవువారిని లెక్కించుట వంటిది ఇది.

మూడవదానిని దోషమనుటకంటె గ్రంథమును చదువువారి అపరాధ మనవచ్చును. ఈ గ్రంథములోని వాక్యములన్నియు ఒక్క బలము గలవి కావు. కొన్ని తప్పనిసరి ఆజ్ఞలు, కొన్ని పాటింపదగిన సలహాలు, కొన్ని ఇచ్ఛానుసారము చేయదగినవి, కొన్ని కేవలము వివరణలు. ఈ నాలుగు తరగతులను గ్రంథమే వేరుచేసి చూపినది. అన్ని వైపుల ‘ఆగుము’నకు చెప్పిన పై సంఖ్యలు 2009 కూర్పులో సలహాల తరగతిలోనివి. ఇంజనీరు తన పరిశీలనలో వానిని గమనింపవలెనని మాత్రమే దాని భావము. పైగా ఒకే తీరున నున్న రెండు నివాసపు వీధులు కలియుచోట, పాదచారుల ఒత్తిడి గలచోట, ఆగిన పిమ్మటకూడ అడ్డము వచ్చు వాహనము కనిపింపనిచోట ఈ పలకలను యోచింపవచ్చునని ఆ గ్రంథమే చెప్పినది. కావున “గ్రంథము నిషేధించినది” అని అర్జీదారులను పంపివేయు అధికారి గ్రంథమును సగము చదివినవాడని చెప్పక తప్పదు. సంఖ్య చాటున దాగుట శాస్త్రము కాదు.

ఈ పలకలు నిజముగా ఉపకరించునా అను ప్రశ్నకు పరిశోధనలు ఏమి చెప్పుచున్నవి? 1986లో లోవెల్, హావర్ అను పరిశోధకులు శాన్ ఫ్రాన్సిస్కో, ఫిలడెల్ఫియా, మిషిగన్, టొరాంటోల నుండి లభించిన లెక్కలను తిరిగి శోధించిరి. పైన చెప్పిన సగటువైపు మరలు ధర్మమును లెక్కలోనికి తీసికొని, దాని ప్రభావమును తొలగించి చూచిరి. ఆ విధముగ చూచినను, అన్ని వైపుల ‘ఆగుము’నకు మార్చిన కూడళ్లలో మొత్తము ప్రమాదములు నూటికి సుమారు 47, గాయములు కలిగిన ప్రమాదములు సుమారు 71 తగ్గినట్లు తేలినది. ఫిలడెల్ఫియా నగరములో 1978 నుండి రద్దీ తక్కువైన 199 కూడళ్లలో దీపములను తొలగించి అన్ని వైపుల ‘ఆగుము’ పలకలను పెట్టిరి. వానిలో అధికభాగము ఒకే దిక్కున వాహనములు పోవు వీధుల కూడళ్లు. అచ్చట ప్రమాదములు నూటికి సుమారు 24 తగ్గినవని 1997లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. కావున ఈ పలకను నిరుపయోగమని కొట్టివేయువారు సాక్ష్యమునకు విరుద్ధముగా మాటలాడుచున్నారు. అయితే ఈ సంఖ్యలు అట్టి మార్పునకు ఎన్నుకొనబడిన కూడళ్లవి, ప్రతి మూలకును వర్తింపవు. పలక అడ్డముగా గుద్దుకొనుటను ఆపును. నడివీధిలోని వేగమును ఆపదు. అర్జీదారులును ఇంజనీరును ఈ రెండింటిని కలగలిపి వాదించుటయే వివాదమునకు మూలము.

మరి ప్రమాదము జరుగకముందే అపాయమును చూపు కొలత లేదా? కలదు. అది చూపుమేర. ఒక ఉదాహరణమును తీసికొందము. అమెరికాలో నివాసపు వీధులకు గంటకు 25 మైళ్లు, అనగా సుమారు 40 కిలోమీటర్ల వేగపరిమితి సాధారణము. ఆ వేగమున కారు సెకండుకు 11 మీటర్లు పోవును. అపాయమును చూచి, గ్రహించి, బ్రేకు త్రొక్కుటకు రెండున్నర సెకండ్లు పట్టునని ఇంజనీర్లు లెక్కవేయుదురు. ఆలోగా కారు సుమారు 28 మీటర్లు పోయియుండును. బ్రేకు పట్టిన తరువాత నిలుచుటకు మరి 17 మీటర్లు కావలెను. మొత్తము 45 మీటర్లు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు కూడ ఈ వేగమునకు ఈ దూరమునే నిర్ణయించినది.

ఇప్పుడు కూడలి మూలన గుబురుగా పెరిగిన పొద యొకటి కలదనుకొందము. దాని అంచు ఒక్కొక్క వీధిలో పోవు కారు మార్గమునుండి ఆరు మీటర్ల దూరమున నున్నది. రెండు కార్లు సమవేగమున, కూడలికి సమదూరమున వచ్చుచున్నవి. కాగితముపై గీత గీచి చూచినచో, చోదకులు ఒకరినొకరు మొట్టమొదట చూచునప్పటికి వారు గుద్దుకొను బిందువునకు పండ్రెండు మీటర్ల దూరమున మాత్రమే యుందురని తెలియును. ఆరును ఆరును కలిపిన మొత్తమే అది. కావలసినది 45 మీటర్లు, ఉన్నది 12. గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఆ పండ్రెండు మీటర్లు ఒక సెకండు కాలము. బ్రేకుపై కాలు పడకమునుపే అంతయు ముగియును. పండ్రెండు మీటర్లలో నిలువవలెనన్న వేగము గంటకు 15 కిలోమీటర్లకు లోపుగా నుండవలెను.

ఈ లెక్కకు ఒక్క ప్రమాదమైన జరుగనక్కరలేదు. ఒక కొలటేపు, ఒక కాగితము, అర్ధగంట కాలము చాలును. ఫలితమును బట్టి మార్గమును తోచును. పొదను కత్తిరించినచో చాలునా? మూలన కార్లు నిలుపుట మాన్పించినచో చాలునా? అడ్డవీధికి ‘దారి ఇమ్ము’ చాలునా? ఆగినవాడు గూడ చూడలేనంత గోడ యున్నదా? ఉన్నచో అన్ని వైపుల ‘ఆగుము’ తప్పదు. 2023 కూర్పు చూపుమేరను ఒక ప్రత్యేక కారణముగా నిలువబెట్టినది. ఇది ప్రశంసనీయము. కాని వరుసలో ప్రమాదముల లెక్క మొదటను, చూపుమేర దాని తరువాతను నిలిచినవి. నివాసపు వీధులకైన ఈ వరుస తారుమారు కావలెనని మా అభిప్రాయము. మొదట కన్ను, తరువాత లెక్క.

మన దేశమున ఈ విషయమున స్థితి వేరు. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా శివారులలో నివసించు తెలుగు కుటుంబములకు నాలుగు వైపుల ‘ఆగుము’ నిత్యపరిచితము. అక్కడినుండి సెలవులకు వచ్చినవారు మన కాలనీ కూడలిలో ఏ పలకయు లేకుండుట చూచి విస్మయ మొందుదురు. నియమము లేదని కాదు. 1989 నాటి రహదారి నిబంధనలు, ముఖ్యవీధిగా ప్రకటింపబడినచోట ఆ వీధి వాహనములకును, మిగిలినచోట్ల కుడివైపునుండి వచ్చువారికిని దారి ఇయ్యవలెనని చెప్పినవి. 2017లో వాని స్థానమున కొత్త నిబంధనలు వచ్చినవి. ఆచరణలో మాత్రము మన వీధులవారు అర్జీ వ్రాయుటకు బదులు, తారు గాని సిమెంటు గాని తెచ్చి స్పీడ్ బ్రేకరు పోసికొనుచున్నారు. దానికిని శాస్త్రము కలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లో ప్రకటించిన సూచనల ప్రకారము అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గంటకు 25 కిలోమీటర్ల వేగమున సుఖముగా దాటునట్లు ఉండవలెను. నడివీధి వేగమునకు నిజమైన మందు ఇట్టిదే, పలక కాదు. కాని మన వీధులలో అనేకము ఇరుకైన నిటారు గట్లు. అవి వేగముతోపాటు వెన్నెముకలను కూడ విరుచుచున్నవి. అమెరికావారు వేగమునకు పలకను, మనము కూడలికి గట్టును వాడి, ఇరువురమును ఒక రోగమునకు మరియొక రోగపు మందును వేయుచున్నాము.

మొత్తముమీద ఈ నియమగ్రంథము ఆదరింపదగినది. తొందరపాటును అరికట్టునది, పలక మాటకు విలువ నిలుపునది. అయితే అందలి సంఖ్యలు నిర్ణయమునకు సహాయకములే కాని నిర్ణయములు కావు. అర్జీ వచ్చిననాడు ఇంజనీరు పట్టికను తెరచుటకు ముందు కూడలికి నడచిపోయి, కారులోని చోదకుని కన్నులు ఉండు ఎత్తున వంగి నిలిచి, అవతలి వీధి ఎంత దూరము కనిపించునో కొలిచి చూడవలెను. మరల ఒకసారి, బడికి పోవు బాలుని ఎత్తునకు వంగి చూడవలెను. ఆ పిమ్మట ఇచ్చు సమాధానము అవునైనను కాదైనను వీధిలోని వారు దానిని సహించుటకు వీలుండును.